అసెంబ్లీలో ఈ మాట ఎత్తబోతున్న అమ్మలుకు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా నీ నియోజకవర్గంలో ఇద్దరు ఇంటర్ పిల్లలు ఆత్మహత్యతో పోయారన్నావు. ఈ సమావేశాల్లోనే లేచి మాట్లాడతాను, ఏం మాట్లాడాలో చెప్పు పెదనాన్నా అన్నావు. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఎమ్మెల్యేగా మొదటి దఫాలో, మన మండలం కుర్రాడు ఒకడు పట్నంలో కాలేజీ హాస్టల్లో చనిపోయాడు. మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. రెండు బండ్లు, గన్‌మన్, వెనకాల విలేకరులు. వేపచెట్టు కింద అరుగు మీద హాస్టల్ నుంచి తెచ్చిన ట్రంకు పెట్టె ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో వాడి పేరు, సెక్షను. వాళ్ళమ్మ పెట్టె తెరిచి కూర్చుంది. మడత బట్టల మధ్య, సంక్రాంతికి ఆవిడ కట్టిచ్చిన చేగోడీల పొట్లం. సగం తిని రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నాడు. ఆవిడ ఆ రబ్బరు బ్యాండు తీస్తోంది, మళ్ళీ వేస్తోంది.

నేను ఆవిడ పక్కన కూర్చోవాల్సింది. ఎవరో మైకు పెట్టారు. కాలేజీల ఆగడాలను అసెంబ్లీలో నిలదీస్తానని అన్నాను. జేబులోంచి పాతిక వేలు సాయం ప్రకటించాను. అంతా అయ్యాక తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. "అయ్యా, వాడు పదిహేను రోజుల కిందట ఇంటికొచ్చేస్తానని ఫోన్ చేశాడు. పరీక్షలయ్యాక రారా అన్నాను. ఆ మాట మాత్రం టీవీలో రానివ్వకండి" అన్నాడు. ఆ రాత్రి వార్తల్లో నా మొహం వచ్చింది, ఆ పెట్టె వచ్చింది. తర్వాతి సమావేశాల్లో నాలుగు నిమిషాలు ఆవేశంగా మాట్లాడాను, సభ్యులు బల్లలు చరిచారు. దానివల్ల ఒక్క హాస్టల్లో కూడా ఏమీ మారలేదు.

అందుకే ఆ ఇద్దరి ఇళ్ళకూ కెమెరాలు లేకుండా వెళ్ళు. డ్రైవర్ని కూడా వీధి చివర ఉండమను. ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళకు, వాళ్ళు చెప్పేది విను. నెల రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళు. పదకొండో రోజు దాటాక ఆ గుమ్మం తొక్కేవాళ్ళు ఉండరు. తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ చదువు, వాళ్ళ మనసు ఎలా ఉన్నాయో అడుగు. అన్న పోయిన ఇంట్లో చిన్నపిల్లల్ని ఎవరూ పట్టించుకోరు.

మాట దగ్గర జాగ్రత్త. మన పేపర్లు "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని రాస్తాయి. పాల్పడటం అనేది దొంగతనానికో, మోసానికో వాడే మాట. ఆ పిల్లవాడు నేరం చేయలేదు. సభలో నువ్వు "చనిపోయాడు" అను, "మనం పోగొట్టుకున్నాం" అను. పిరికితనం అనే మాట ఎవరైనా వాడితే అక్కడే లేచి అభ్యంతరం చెప్పు. ఎలా చనిపోయాడో, ఉత్తరంలో ఏం రాశాడో నీ నోట రాకూడదు. అదే దిగులులో ఉన్న ఇంకో పిల్లో పిల్లాడో ఆ వార్త చదువుతూ ఉంటారు. నీ జిల్లా విలేకరులను పిలిచి టీ ఇచ్చి ఇదే అడుగు. ఫోటో వద్దు, వివరం వద్దు, వార్త కింద టెలీమానస్ నంబరు 14416 వేయండి అని. మనసు బాగోలేనివాళ్ళ కోసం 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఫోన్ లైను అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మన పల్లెల్లో ఆ నంబరు తెలిసినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు.

తప్పంతా కాలేజీల మీదకు నెట్టి కూర్చోకు. 2022లో దేశంలో ఇలా పోయినవాళ్ళు 1,70,924 మంది అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో విద్యార్థులు 13,044 మంది. అన్ని వయసులవాళ్ళనూ కలిపి చూస్తే, మొదటి కారణంగా రాసింది కుటుంబ సమస్యలు, 31.7 శాతం. ఏ చావుకూ ఒకే కారణం ఉండదు. మార్కులు కనబడతాయి, ఆరు నెలలుగా నిద్ర లేకపోవడం, ఇంట్లో గొడవ, ఎవరికీ చెప్పుకోలేని అవమానం కనబడవు. నువ్వు ఒక్కరిని దోషిగా నిలబెడితే మిగతా అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఇక అసలు పని. ఉపన్యాసం కంటే ప్రశ్న గట్టిది, ప్రశ్న కంటే బడ్జెట్‌లో పద్దు గట్టిది.

విశాఖపట్నంలో 2023లో చనిపోయిన 17 ఏళ్ళ నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. అది పూర్తిగా చదువు, మన రాష్ట్రం కేసు. అందులో 15 మార్గదర్శకాలు ఉన్నాయి. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో పెద్ద అక్షరాలతో కనబడాలి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా పర్యవేక్షణ కమిటీ ఉండాలి. చట్టం వచ్చేదాకా ఇవే అమల్లో ఉంటాయని కోర్టు చెప్పింది. ఆ చివరి మాట నీకోసం రాసినట్టే ఉంది తల్లీ. చట్టం చేయాల్సింది మీ సభే కదా.

అందుకని నీ ప్రశ్న ఇలా ఉండాలి: మన జిల్లాలో వంద మంది, అంతకు మించి పిల్లలున్న కాలేజీలు ఎన్ని, వాటిలో కౌన్సెలర్ ఎన్నింట్లో ఉన్నాడు, అతని అర్హత ఏమిటి, కలెక్టరు కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది. లెక్కలు రాతపూర్వకంగా రాబట్టు. మంత్రి "చర్యలు తీసుకుంటున్నాం" అంటే అనుబంధ ప్రశ్న వెయ్యి. పీడీ సారుకో, కెమిస్ట్రీ లెక్చరర్‌కో కౌన్సెలర్ అని బోర్డు తగిలించిన కాలేజీలు నేను చూశాను. కాలేజీ పిల్లల ఆత్మహత్యల మీద ప్రభుత్వం వేసిన 2001 నీరదా రెడ్డి కమిటీ నివేదిక, 2017 చక్రపాణి కమిటీ నివేదిక కూడా తెప్పించుకో. పాతికేళ్ళ కిందట చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వస్తోందని సభ ముందు పెట్టు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 29వ సెక్షను, ఆత్మహత్యల నివారణ కార్యక్రమాలు నడపడం ప్రభుత్వ బాధ్యత అంటోంది. 115వ సెక్షను ప్రకారం ప్రయత్నించి బతికినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. నీ ఊరి ఎస్సైకి ఇది తెలుసో లేదో కనుక్కో. కేసవుతుందన్న భయంతో బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి జంకే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు.

డబ్బు గురించి ఒక విదేశీ కథ చెబుతాను. అమెరికాలో ఒరెగాన్ సెనేటరు గోర్డన్ స్మిత్ కొడుకు గ్యారెట్, 22వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, 2003 సెప్టెంబరులో ఇలాగే చనిపోయాడు. ఆ తండ్రి రాజకీయాలే వదిలేద్దామనుకున్నాడు. వదల్లేదు. సెనేట్‌లో నిలబడి కొడుకు గురించి మాట్లాడాడు. 2004 అక్టోబరులో కొడుకు పేరుతోనే చట్టం వచ్చింది. మూడేళ్ళకు 8.2 కోట్ల డాలర్లు రాష్ట్రాలకు, గిరిజన తెగలకు, కాలేజీలకు కేటాయించేలా రాశారు. తర్వాత పరిశోధకులు చూస్తే, ఆ డబ్బుతో శిక్షణలు జరిగిన చోట మరుసటి ఏడాది పిల్లల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు తగ్గాయి. ఏడాది దాటితే ఆ తేడా కనబడలేదు. ఆ సంగతి నీ డైరీలో రాసుకో. ఒక్కసారి వర్క్‌షాప్ పెట్టి ఫోటో దిగితే చాలదు, ఏటా పద్దు ఉండాలి. ఆరోగ్యశాఖ పద్దుల చర్చ రోజు ఖాళీ బెంచీలుంటాయి. ఆ రోజు నువ్వు ఉండు.

ఫలితాల రోజు సంగతి వేరుగా చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయా? ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తెలుగులో సున్నా వచ్చిందన్న అమ్మాయికి తిరిగి చూస్తే 99 వచ్చాయి. పిల్ల ప్రాణం మీద బోర్డుకు ఎంత బాధ్యత ఉందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? తమిళనాడులో ఫెయిలైనవాళ్ళు కొద్ది వారాల్లోనే మళ్ళీ రాసి ఏడాది పోకుండా చూసుకునే ఏర్పాటు చేశారు. దానికోసం గట్టిగా అడిగినవాళ్ళలో ఆత్మహత్యల నివారణకు చెన్నైలో 1986లో స్నేహా సంస్థ పెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ఒకరు. మనకూ సప్లిమెంటరీ ఉంది. కానీ ఫెయిలైన పిల్లకు ఆ క్షణంలో అది గుర్తుండదు. మార్కులు కనబడే తెర మీదే సప్లిమెంటరీ తేదీ, రీవెరిఫికేషన్ గడువు, 14416 కనబడాలని అడుగు. ఖర్చు లేని పని. ఆ రోజు నీ ఆఫీసులో ఇద్దరిని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టు. ప్రతి ఊళ్ళో ఆశా కార్యకర్తకు ఫెయిలైన పిల్లల ఇళ్ళకు సాయంత్రంలోగా ఒకసారి వెళ్ళి రమ్మని చెప్పించు.

హాస్టల్‌కు చెప్పకుండా వెళ్ళు, రాత్రి పదింటికి. రెండో దఫాలో నేను ఒకచోటికి అలా వెళ్ళాను. స్టడీ అవర్ నడుస్తోంది, కర్ర పట్టుకుని ఫ్లోర్ ఇన్‌చార్జి తిరుగుతున్నాడు. గోడ మీద వారం టెస్టు ర్యాంకులు, చివరి పది పేర్లకు ఎర్ర ఇంకు. మెస్‌లో ఒక పిల్లవాడి పక్కన కూర్చుని ఏం కావాలిరా అని అడిగాను. టీవీ అంటాడనుకున్నా, ఆటస్థలం అంటాడనుకున్నా. "ఆదివారం కాకుండా ఇంకోరోజు కూడా అమ్మతో మాట్లాడనివ్వమని చెప్పండి సార్" అన్నాడు. వారంలో ఇంకో పది నిమిషాలు! ఆ మాట మర్నాడే యాజమాన్యంతో ఒప్పించాను. నా పదేళ్ళ పదవిలో చేసిన మంచిపనుల్లో దాన్నే ముందు పెట్టుకుంటాను.

నీ దగ్గరకే ఎవరైనా పిల్లలు వచ్చి దిగులుగా ఉందంటే, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడుగు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామందికి అడిగేవాళ్ళు లేకే గొంతు పూడుకుపోతుంది. అవునంటే ఒంటరిగా వదలకు, ఇంటివాళ్ళను పిలువు, 14416కి కలుపు, మర్నాడు జిల్లా ఆసుపత్రిలో డాక్టరుకు చూపించేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండేలా చూడు. నీకు బరువనిపిస్తే నాకు చెప్పు, ఏ వేళైనా సరే.

ఆ చేగోడీల ఇంటికి నేను ఏటా వెళ్తున్నాను. చిన్నవాడు పాలిటెక్నిక్ చేసి ఉద్యోగంలో చేరాడు. వాళ్ళమ్మ నన్ను ఏ సాయమూ అడగదు. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని పెద్దవాడి కబుర్లు చెబుతుంది, వాడికి తిరగలి శబ్దం అంటే ఇష్టమని, చీకట్లో మేకపిల్లను వెతకడానికి వెళ్ళాడని. వాడి పేరు పలికే మనిషి ఊళ్ళో ఇంకెవరూ లేరంటుంది. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. సమావేశాలు అయ్యాక నువ్వూ రా, ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ పెదనాన్న