నర్సింగ్ చదువు బరువుగా ఉంది, వార్డు అంటే భయం: ఎలా గట్టెక్కాలి?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది: నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్నారు, ఫార్మకాలజీ (మందుల గురించిన సబ్జెక్టు) ఎంత చదివినా నిలవడం లేదు, వార్డులో చేతులు వణుకుతున్నాయి, రేపు ఉద్యోగంలో చేరితే ఎలా అని ఇప్పటినుంచే టెన్షన్. నేను ముందు సర్జికల్ వార్డులో, తర్వాత ఐసీయూలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పే బాధ్యత కూడా చూస్తుంటాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

చేతులు వణకడం గురించి బెంగ పెట్టుకోకండి. చేతిపని చేస్తూ చేస్తూ అందరికీ వస్తుంది. పేషెంట్‌ని సరిగ్గా చూడటం, పొద్దున ఉన్న స్థితికీ ఇప్పటికీ తేడా పట్టుకోవడం, దాన్ని వెంటనే ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పడం మాత్రం వాటంతట అవి రావు. వాటిని చదువుకునే రోజుల్లోనే అలవాటు చేసుకోవాలి. ఆ అలవాటు పడితే చదువు కూడా తేలికవుతుంది.

ముందు చదువు సంగతి. మందుల పేర్ల జాబితా పెట్టుకుని బట్టీ పడితే పరీక్ష మర్నాటికి ఏమీ మిగలదు. వార్డులో మీరు చూసుకున్న ఒక పేషెంట్‌ని తీసుకోండి. గుండె బలహీనమై కాళ్ల వాపు, ఆయాసంతో చేరిన పెద్దాయన అనుకుందాం. ఆయన చార్టులో ఫ్యూరోసెమైడ్ ఉంటుంది, ఒక్కోసారి గుండెకు బలమిచ్చి దాని వేగం తగ్గించే డిగాక్సిన్ కూడా ఉంటుంది. గుండె సరిగ్గా పంపు చేయకపోతే నీరు ఎక్కడ నిలుస్తుంది? ఊపిరితిత్తుల్లో, కాళ్లలో. అక్కడ మీ ఫిజియాలజీ వచ్చేసింది. ఫ్యూరోసెమైడ్ ఆ నీటిని మూత్రంలో బయటికి పంపుతుంది, దాంతోపాటు పొటాషియం కూడా పోతుంది. పొటాషియం తగ్గితే డిగాక్సిన్ విషమయ్యే ప్రమాదం పెరుగుతుంది. అందుకే డిగాక్సిన్ ఇచ్చేముందు గుండె దగ్గర స్టెతస్కోప్ పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెడతాం. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే ఇవ్వకుండా ఆపి డాక్టర్‌కి చెబుతాం. రోజూ ఒకే సమయంలో బరువు చూడమనేది కూడా ఇందుకే. ఒక లీటరు నీరంటే ఒక కిలో, రాత్రికి రాత్రి కిలో పెరిగితే అది కొవ్వు కాదు. ఒక్క మనిషి దగ్గర నాలుగు సబ్జెక్టులు ముడిపడ్డాయి చూడండి. ఆ పెద్దాయన ముఖం గుర్తున్నంత కాలం ఆ మందులు కూడా గుర్తుంటాయి.

మిగతా మందులను గుంపులుగా పట్టుకోండి. పేరు చివర ‘ఓలాల్’ అని ఉంటే చాలావరకు బీటా బ్లాకర్ (గుండె వేగం, బీపీ తగ్గించే మందు), ఇచ్చేముందు పల్స్, బీపీ చూడాలి. ‘ప్రిల్’ అని ఉంటే ఏసీఈ ఇన్హిబిటర్ (బీపీ తగ్గించే ఇంకో రకం మందు), పొడి దగ్గు వస్తుందేమో అడగాలి. ప్రతి గుంపుకీ మూడు సంగతులు రాసుకుంటే చాలు: ఏం చేస్తుంది, ఇచ్చేముందు ఏం చూడాలి, ఏం కనిపిస్తే ఆపాలి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. మందు ఇచ్చాక పేషెంట్ పక్కన ఉండేది మనమే కదా.

డోస్ లెక్కల దగ్గర చాలామంది భయపడతారు. ఫార్ములా నేర్చుకోండి, కానీ అంతకుముందు ఉజ్జాయింపుగా ఒక అంచనా వేయడం నేర్చుకోండి. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో వెళ్లాలి, సెలైన్ ఎక్కించే సెట్ మీద మి.లీ.కి 20 చుక్కలని రాసి ఉంది. గంటకు 125 మి.లీ., అంటే నిమిషానికి దాదాపు 2 మి.లీ., కాబట్టి 40 చుక్కల దగ్గర్లో రావాలి. తర్వాత కాగితం మీద చేస్తే 42 వస్తుంది. లెక్క 400 చూపిస్తే ఎక్కడో తప్పుందని మీకే తెలిసిపోతుంది. ఇంజెక్షన్ల విషయంలోనూ అంతే. ఒక డోస్ కోసం అయిదారు ఆంపుల్స్ (మందుండే చిన్న గాజు సీసాలు) పగలగొట్టాలని లెక్క చెబుతుంటే చెయ్యి ఆపండి, మళ్లీ చూడండి, పక్కనున్న సీనియర్‌తో చూపించుకోండి. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివాటిని ఎంత అనుభవం ఉన్నా ఇద్దరు చూసుకునే ఇవ్వాలి. పొటాషియంని నేరుగా నరంలోకి పుష్ చేస్తే గుండె ఆగిపోతుంది, దాన్ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగానే ఇవ్వాలి. రాసేటప్పుడు 0.5 అని సున్నాతో సహా రాయండి. చుక్క కనిపించకపోతే అది 5 అయి కూర్చుంటుంది. అలాగే 5 అని రాయాల్సినచోట 5.0 రాయకండి.

ఇక వార్డు. క్లినికల్ పోస్టింగ్‌లో స్టూడెంట్స్ ఎక్కువగా ఇంజెక్షన్లు, కాన్యులాలు (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టాలు), డ్రెస్సింగుల వెంట పడతారు. నేను మాత్రం శ్వాస లెక్కపెట్టడం నేర్చుకోమంటాను. బీపీ మిషన్ చెబుతుంది, ఆక్సిజన్ వేలికి పెట్టిన ప్రోబ్ చెబుతుంది, శ్వాసని మాత్రం మనిషే కూర్చుని లెక్కపెట్టాలి. దానికి ఓపిక లేక చార్టు నిండా వరుసగా 20, 20, 20 అని రాసేయడం చాలా వార్డుల్లో చూశాను. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకంటే లోపల పరిస్థితి చెడుతుంటే అన్నిటికంటే ముందు మారేవాటిలో శ్వాస ఒకటి. పెద్దవాళ్లలో మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 మధ్య ఉంటుంది. పల్స్ చూస్తున్నట్టు చెయ్యి పట్టుకునే ఉండి, ఛాతీ వైపు చూస్తూ నిండా నిమిషం లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే పేషెంట్ శ్వాస తీరు మారిపోతుంది.

సర్జికల్ వార్డులో ఒక రాత్రి, ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి పదే పదే నీళ్లు అడుగుతోంది, మంచం మీద కుదురుగా ఉండటం లేదు. బీపీ 110/80, కాగితం మీద చూస్తే బాగానే ఉంది. శ్వాస లెక్కపెడితే 28, పల్స్ 118, చేతులు చల్లగా ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్లలో లోపల రక్తం పోతున్నా చాలాసేపు బీపీ నిలబడుతుంది. పల్స్, శ్వాస ముందు పెరుగుతాయి, బీపీ పడిపోయేసరికి ఆలస్యమైపోతుంది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఆ అంకెలన్నీ చెప్పి, ‘లోపల బ్లీడింగ్ అవుతోందని నా అనుమానం, మీరు వెంటనే వచ్చి చూడాలి’ అన్నాను. ఆయన వచ్చారు, ఆ అమ్మాయిని మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. కోలుకుని ఇంటికి వెళ్లింది. ఆ రాత్రి నేను చేసిన పనిలో చేతి నైపుణ్యం ఏమీ లేదు.

ఫోన్‌లో ఎలా చెప్పాలనేది కూడా నేర్చుకోవాల్సిన పనే. ‘సార్, పేషెంట్ ఎందుకో బాగాలేదు’ అంటే నిద్రలో ఉన్న డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళం అణు జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి నుంచి ఆసుపత్రులకు వచ్చింది. ఇప్పుడు ఏమైంది, వెనక కథేమిటి, నేను ఏం చూశాను, మీరు ఏం చేయాలని కోరుతున్నాను: ఈ వరుసలో నాలుగు మాటలు. ఫోన్ తీసేముందు కాగితం మీద రాసుకోండి, గొంతు వణికినా ఫర్వాలేదు, చదివేయండి. ఆఖరి మాట, అంటే మీకేం కావాలో చెప్పడం, కొత్తవాళ్లు దాదాపు అందరూ వదిలేస్తారు. దాన్ని వదలకండి. అవతలివాళ్లు ఆర్డర్ చెబితే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అవునని వాళ్లు అన్నాకే ఫోన్ పెట్టేయండి.

కాన్యులా వేయడం గురించి ఎక్కువ చెప్పను. మంచి నరాన్ని కంటితో కాకుండా వేలితో వెతకండి, చర్మాన్ని కిందికి లాగి బిగించి పట్టుకోండి, రక్తం కనిపించగానే సూది కోణం తగ్గించండి. రెండుసార్లు కుదరకపోతే ఇంకొకరిని పిలవండి. మీ పట్టుదల కోసం పేషెంట్ చెయ్యి పొడిపించుకోకూడదు.

మీ ఒంటి సంగతి కూడా చెప్పాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తయ్యాయో లేదో ఈ వారమే చూసుకోండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. ఒకవేళ గుచ్చుకుంటే పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా సబ్బుతో, నీళ్లతో కడిగి అప్పటికప్పుడే చెప్పండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు కొన్ని గంటల్లోపే మొదలవ్వాలి, 72 గంటలు దాటితే వాటితో ప్రయోజనం ఉండదు. తిడతారని దాచుకున్న పిల్లల్ని చూశాను. తిట్లు పడితే పడండి, ఆ గంటల్ని మాత్రం పోగొట్టుకోకండి.

మొదటి ఉద్యోగం దగ్గర జీతంతో పాటు ఇంకొన్ని అడగండి. కొత్తవాళ్లకు ఎన్ని వారాలు సీనియర్‌తో జంటగా డ్యూటీ వేస్తారు? ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లు? మొదటి నెలలోనే నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉంచుతారా? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట, నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా, మొదటి ఉద్యోగానికి చేరమని నేను చెప్పను. ఐసీయూ గొప్ప, వార్డు తక్కువ అనే మాట కూడా పట్టించుకోకండి. సర్జికల్ వార్డు నాకు నేర్పినన్ని సంగతులు ఇంకెక్కడా నేర్చుకోలేదు. అయితే నేర్పే సీనియర్లు ఉన్న ఐసీయూలో అవకాశం వస్తే తీసుకోండి, అంతా ఆ నేర్పే మనుషుల మీద ఉంటుంది.

చేరాక మొదటి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కష్టంగానే ఉంటుంది. ఇంటికెళ్లాక కూడా ‘ఆ మూడో మంచం ఆయనకి యాంటీబయాటిక్ ఇచ్చానా’ అని తొలుస్తుంటుంది. దానికి విరుగుడు ఒక్కటే, మందు ఇచ్చిన నిమిషంలోనే చార్టులో సంతకం పెట్టడం. ముందుగా పెట్టకండి, తర్వాత పెడదామనీ అనుకోకండి. డ్యూటీ మొదలవగానే హ్యాండోవర్‌ని, అంటే వెళ్లిపోతున్న నర్సు పేషెంట్లను అప్పగించడాన్ని, మంచాల దగ్గరికి వెళ్లి తీసుకోండి. డ్రెయిన్, క్యాథెటర్, ఎక్కుతున్న సెలైన్, పడుకుని పడుకుని నొక్కుకుపోయిన చర్మం, అన్నీ మీ కళ్లతో చూశాకే సరే అనండి. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున మూడు నుంచి అయిదు దాకా బుర్ర బాగా మందగిస్తుంది. ఆ వేళ ఇవ్వాల్సిన మందుల్ని రెండుసార్లు చదవండి.

పేషెంట్ చనిపోయిన రోజు గురించి మీరు అడగలేదు, కానీ అది వస్తుంది. ఆ రోజు ఏడుపొస్తే ఏడవండి, వాళ్ల ఇంటివాళ్ల పక్కన కాసేపు నిలబడండి, తర్వాత ఒక సీనియర్ దగ్గర కూర్చుని జరిగిందంతా మాట్లాడండి. ఏడ్చినంత మాత్రాన ఈ వృత్తికి పనికిరారని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ వారం పోస్టింగ్‌లో ఒకే ఒక్క పేషెంట్‌ని ఎంచుకోండి. కేస్ షీట్ మొత్తం చదవండి, ప్రతి మందు ఎందుకిస్తున్నారో రాయండి, శ్వాస నిండా నిమిషం లెక్కపెట్టండి, మర్నాడు మళ్లీ వెళ్లి ఏం మారిందో చూడండి. మీకు ఫార్మకాలజీలో ఏ చాప్టర్ దగ్గర ఆగిపోతోందో కింద రాస్తే, నేను దాన్ని పేషెంట్‌తో కలిపి ఎలా చదవాలో వివరంగా చెబుతాను.