ఫాదర్ గారికి బదిలీ అయింది: క్యాంపస్ విద్యార్థుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా కాలేజీ క్యాథలిక్ విద్యార్థుల బాగోగులు చూసే ఫాదర్ గారికి బదిలీ ఉత్తరువు వచ్చింది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున మాకు పూజ చేస్తున్నారు. చివరి పూజలోనే సన్మానం పెట్టుకుందామని మా ఆలోచన. నూరుమందిదాకా వస్తాం. శాలువా, పాట, వీడియో, నలుగురి మాటలు, ఇందులో ఏది ఎప్పుడు పెట్టాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: పూజను పూజగా ఉండనివ్వమ్మా, పూజ అయిపోయాక సన్మానం పెట్టుకోండి. ఆదివారం పూజకు ఆ ఆదివారం బైబిలు పఠనాలే చదవాలి. వీడ్కోలు కదా అని మీకు నచ్చిన సువిశేషం పెట్టుకోవడానికి వీల్లేదు. కృతజ్ఞతార్చన పూజే కావాలంటే సామాన్య కాలంలో, అంటే క్రిస్మస్, ఈస్టర్ లాంటి ప్రత్యేక కాలాలు కానప్పుడు, పండుగ లేని వారపు రోజు చూసుకోండి. తపస్సుకాలంలో, అంటే ఈస్టర్ ముందటి నలభై రోజుల్లో పడిందనుకోండి, బలిపీఠానికి పూలు కూడా ఉండవు. ఆ కాలంలో నాలుగో ఆదివారానికీ, మహోత్సవాలకూ, పండుగలకూ మాత్రమే పూల అనుమతి ఉంది. ముందు క్యాలెండర్ చూసి, ఆ తర్వాత పూలవాళ్లకు చెప్పండి.

మీ మనసులోది దేవునికి చెప్పుకునే చోటు విశ్వాసుల ప్రార్థన. శ్రీసభ (చర్చి) కోసం, దేశం కోసం, కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం విన్నపాలయ్యాక, వెళ్తున్న గురువు కోసం ఒకటి, రాబోయే గురువు కోసం ఒకటి పెట్టండి. వచ్చేదెవరో తెలియకపోయినా ఆ రెండోది వదలకండి.

పొరపాటు ఎక్కువగా జరిగేది కానుకల సమర్పణ దగ్గర. అప్పం, ద్రాక్షరసం వెనకాలే శాలువా, ఫొటో ఫ్రేము, కేకు కూడా వరుసలో వచ్చేస్తాయి. అక్కడికి రావాల్సినవి పూజాబలికి కావలసినవీ, గుడికీ పేదలకూ ఇచ్చేవీ. ఫాదర్ గారికిచ్చే బహుమతి ఆ వరుసలో వస్తే, దేవుని ముందు నిలబడి తన సన్మానం తానే అందుకోవాల్సిన ఇబ్బందిలో ఆయనను పెట్టినట్టవుతుంది. పేదల కోసం నాలుగు సంచుల బియ్యం తెస్తామంటే మాత్రం సంతోషంగా తీసుకురండి.

మాటలకు చోటు దివ్యసత్ప్రసాదం (పూజలో స్వీకరించే పవిత్ర అప్పం) తర్వాతి ప్రార్థన అయ్యాక, చివరి ఆశీర్వాదానికి ముందు. అక్కడ ఒక్కరే మాట్లాడాలి, మూడు నిమిషాలు చాలు. చేత్తో రాస్తే పేజీన్నర. మిగతా ముగ్గురూ బయట టిఫిన్ దగ్గర మాట్లాడొచ్చు. శాలువా, పాట, వీడియో కూడా బయటే. మాట్లాడేవాళ్లు ‘మీరు మాకు తండ్రిలాంటివారు’ అని ఊరుకోవద్దు. సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి ఆయన పాపసంకీర్తనానికి, అంటే పాపాలు ఒప్పుకునేవాళ్ల మాట వినడానికి, ఎన్ని గంటలు కూర్చున్నారు, జ్వరంతో ఆసుపత్రిలో పడున్న పిల్లకు దివ్యసత్ప్రసాదం ఎవరి స్కూటర్ వెనక కూర్చుని తెచ్చారు, అలాంటివి చెప్పాలి. ఆయనకు గుర్తుండేది అదే.

సీఎస్ఐ (ప్రొటెస్టెంట్ సంఘం) స్నేహితులూ, హిందూ స్నేహితులూ వస్తారు కాబట్టి దివ్యసత్ప్రసాదం ఎవరు స్వీకరించవచ్చో పూజకు ముందే మెల్లగా చెప్పండి. వరుసలోకి వచ్చాక వెనక్కి పంపడం ఎవరికీ బాగుండదు.

ఇక టిఫిన్. దివ్యసత్ప్రసాదం స్వీకరించడానికి ముందు గంటసేపు ఉపవాసం ఉండాలి కాబట్టి తినడం పూజయ్యాకే. ఉగ్గాని, బజ్జీ అయితే మనిషికి యాభై, అరవై గ్రాముల లెక్కన నూరుమందికి అయిదారు కిలోల బొరుగులు పడతాయి. తాలింపు, పుట్నాల పొడి పూజకు ముందే సిద్ధం చేసుకోండి. బొరుగులు మాత్రం చివరి పాట మొదలయ్యాకే తడిపి, వెంటనే గట్టిగా పిండి తాలింపులో వేయాలి. ముందే తడిపి పెడితే ముద్దయిపోతాయి.

ప్రశ్న: ఫాదర్ గారిని ఇంకో రెండేళ్లు ఉంచమని అందరం సంతకాలు పెట్టి బిషప్ గారికి ఇవ్వొచ్చా?
– వైద్య విద్యార్థి, కర్నూలు

జవాబు: ఇవ్వొచ్చు, తప్పేం లేదు. తమ అవసరాలు కాపరులకు చెప్పుకునే హక్కు విశ్వాసులకు ఉంది. అయితే ఆయన మేత్రాసన (బిషప్ గారి పరిధి) గురువా, సన్యాస సభకు చెందిన గురువా అన్నది ముందు తెలుసుకోండి. సభకు చెందినవారైతే ఆయన పెద్దలు కూడా వెనక్కి పిలవొచ్చు, బిషప్ గారి చేతిలో ఒక్కటే లేదు. మా సలహా వేరు. ‘ఆయన్నే ఉంచండి’ అనే ఉత్తరం కంటే ‘మాకు వారం వారం పూజ, పరీక్షలకు ముందు పాపసంకీర్తనం ఆగకుండా చూడండి’ అనే ఉత్తరానికి బలం ఎక్కువ. విద్యార్థుల కోసం గురువును నియమించడం సహా వాళ్ల ఆత్మ సంరక్షణను పట్టించుకోవాలని 1983 నాటి శ్రీసభ చట్టం 813వ సూత్రం బిషప్ గారికే చెబుతోంది. ఆ ఉత్తరంతో మీరు అడిగేది మీకు రావలసినదే.

ప్రశ్న: మా ఫాదర్ గారు వెళ్లిపోతున్నారు. వచ్చే జనవరిలో నా పెళ్లి, ఆయనే చేయాలని ఆశ. మా గుంపులో ఒకబ్బాయి జ్ఞానస్నానానికి తయారవుతున్నాడు, అతని సంగతేంటి? కానుకల డబ్బు కూడా ఆయన ఫోన్‌కే వస్తోంది.
– ఎమ్మెస్సీ విద్యార్థిని, కడప

జవాబు: మూడూ ఆయన పెట్టె సర్దుకోకముందే తేల్చుకోవాల్సినవి.

పెళ్లి సంగతి జాగ్రత్తగా వినండి. ఏ విచారణలో (ఒక గుడి పరిధిలోని ప్రాంతం) పెళ్లి జరుగుతుందో అక్కడి విచారణ గురువుకు వివాహం జరిపించే అధికారం ఉంటుంది. పాత ఫాదర్ గారు బయటినుంచి వచ్చి జరిపించాలంటే ఆ విచారణ గురువుగానీ, బిషప్ గారుగానీ ఈ పెళ్లికని ఆయనకు అధికారం ఇవ్వాలి. కాగితం మీద తీసుకోండి. అది లేకపోతే ఆ వివాహం శ్రీసభ దృష్టిలో చెల్లదు. ఆయన వేరే మేత్రాసనానికి వెళ్లినా పద్ధతి ఇదే. ఉదాహరణకు, అనంతపురం కర్నూలు మేత్రాసనంలోకి వస్తుంది, 1976లో ఏర్పడిన కడప మేత్రాసనం వేరు. ఉత్తరాలు అటూ ఇటూ తిరగాలి కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. జ్ఞానస్నాన పత్రం పాతది దాచుకున్నది పనికిరాదు, సాధారణంగా ఆరు నెలల లోపు తీసుకున్నది అడుగుతారు.

ఆ అబ్బాయి జ్ఞానస్నానార్థిగా (జ్ఞానస్నానానికి తయారయ్యే వ్యక్తిగా) చేరాడా అన్నది పుస్తకంలో ఉండాలి. పేరు, చేరిన తేదీ, ఎంతవరకు నేర్చుకున్నాడో ఫాదర్ గారు రాసి సంతకం పెడితే కొత్తవారు అక్కడినుంచి అందుకుంటారు. రాయకుండా వెళ్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి రావొచ్చు. అతను పెద్దవాడు కాబట్టి విషయం బిషప్ గారికి తెలపాలి. జ్ఞానస్నానం జరిగాక నమోదయ్యేది ఆ చోటి విచారణ పుస్తకంలో. పదేళ్ల తర్వాత పత్రం కావలసి వచ్చినప్పుడు కాలేజీకి పోతే దొరకదు.

డబ్బు గురించి నిక్కచ్చిగా ఉండండి. క్యూఆర్ కోడ్ సొంత ఫోన్‌కు ముడిపడి ఉంటే, ఆయన వెళ్లాక కూడా మీ కానుకలు అక్కడికే పోతాయి. గోడమీది పాత కాగితం చించేసి, విచారణ ఖాతాదిగానీ, ఇద్దరు సంతకాలు పెట్టే ఖాతాదిగానీ పెట్టండి. ఇంతవరకు వచ్చిందీ పోయిందీ లెక్క రాయించి, ఇద్దరు విద్యార్థుల ఎదుట అప్పగించుకోండి. ఇందులో అనుమానం ఏమీ లేదు, రేపు ఎవరైనా ఏదైనా అంటే ఆయన పేరు కాపాడేది ఆ కాగితమే. చెప్పించుకున్న పూజల్లో ఇంకా చేయనివి ఉంటే ఆయనే ఏడాదిలోపు చేస్తారు, లేదా కానుక మొత్తంతో సహా ఇంకో గురువుకు అప్పగిస్తారు.

బహుమతిగా డబ్బు ఇస్తే కవరు మీద ‘ఫాదర్ గారి సొంతానికి’ అని రాయండి. అలా రాయకపోతే, బాధ్యతలో ఉన్న గురువు చేతికిచ్చినది ఆ సంస్థకే ఇచ్చినట్టు లెక్క.

ఇంకొకటి మీరు అడగలేదు. పాపసంకీర్తనంలో మీరు చెప్పుకున్నది ఆయన కొత్త ఫాదర్ గారికి ఒక్క ముక్క చెప్పరు, చెప్పకూడదు. మందులు వాడుతున్నవాళ్లూ, ఇంట్లో గొడవలున్నవాళ్లూ కొత్తవారి దగ్గరికి మొదటి వారంలోనే స్వయంగా వెళ్లి తమ సంగతి చెప్పుకోవాలి.