హెల్మెట్లు ఇచ్చినా సరిపోవడం లేదంటే, చూడాల్సింది పైన

అన్నా, నాలుగో అంతస్తులో ప్లాస్టరింగ్ పరంజా మీద నుంచి ఇటుక ముక్క పడి కింద ఇసుక జల్లించే ఆమె భుజానికి దెబ్బ తగిలిందని, హెల్మెట్లు ఇచ్చినా టెన్షన్‌గానే ఉందని రాశారు. టెన్షన్ ఉండాల్సిందే. 12 మీటర్ల పైనుంచి పడేది ఒకటిన్నర సెకన్లలో నేలకు చేరుతుంది, అప్పటికి వేగం గంటకు 55 కిలోమీటర్లు. పైన పనిచేసేవాడు "జాగ్రత్త" అని అరిచేలోపే తగిలేస్తుంది.

ముందు ఆ ఇసుక కుప్పను, జల్లెడను గోడకు దూరంగా జరిపించండి, ఈరోజే. పరంజా కింద తాడు కట్టి ఎవరినీ రానివ్వకండి. తర్వాత పైకెక్కి పలకల అంచు మీరే చూడండి. మా సైట్‌లో నేను ఎక్కి చూస్తే అంచు మీద సగం ఇటుక, దాని మీద తాపీ. కాలు తగిలితే చాలు. ఆ సాయంత్రమే అంచు వెంబడి 15 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్క కొట్టించాం, దాని పైన వల కట్టించాం. తాపీ, సుత్తి లాంటి పనిముట్లకు దారం కట్టి నడుముకు ముడి వేయించాం. మొదట్లో మేస్త్రీ విసుక్కున్నాడు, వారానికి అలవాటైంది.

ఇటుకలు తట్టలో అంచు దాటి పేర్చి తాడుతో లాగనివ్వకండి.

హెల్మెట్ మీద ఐఎస్ 2925 (పని హెల్మెట్లకు భారతీయ ప్రమాణం) గుర్తు ఉందో లేదో చూడండి, గడ్డం పట్టీ పెట్టించండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి బాగున్నా మార్చేయాలి.

ఆమెకు ఎక్స్‌రే తీయించారా?