చీటీ డబ్బుతో కార్డుల బాక్సులు కొనొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు చెన్నై నుంచే, నాలుగూ పిల్లలు కూడబెట్టే బొమ్మల కార్డుల గురించే. సెలవుల్లో పిల్లలు అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూర్చుని కార్డులు మార్చుకుంటుంటే ధరలు పెద్దవాళ్ల చెవిన కూడా పడ్డట్టున్నాయి. మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను, అందులో ఒక ఇంటి పొదుపు ఉంది.

ప్రశ్న: మాది నెల్లూరు, పదేళ్లుగా వేళచ్చేరిలో ఉంటున్నాం. ఏడో తరగతి చదివే మా అబ్బాయి దగ్గర నాలుగు వందల దాకా పోకెమాన్ కార్డులున్నాయి. వాడి సరదా చూసి మా బావమరిది ఒక సలహా ఇచ్చాడు. సీలు తియ్యని కార్డు ప్యాకెట్ల బాక్సులు రెండు లక్షలకు కొని పదేళ్లు లాఫ్ట్ మీద పెడితే పిల్లాడి ఇంజినీరింగ్ ఫీజు వాటితోనే వచ్చేస్తుందంటాడు. అమెరికాలో ఒక్క కార్డు కోట్లకు పోయిందని వీడియో కూడా చూపించాడు. వచ్చే నెల చీటీ డబ్బు చేతికొస్తుంది. పెట్టమంటారా? – ఒక తండ్రి, వేళచ్చేరి

జవాబు: వద్దండి. ఫీజు కోసం దాచుకున్న డబ్బు అస్సలు వద్దు.

మీ బావమరిది చూపించిన వీడియో అబద్ధం కాదు. 2022 ఆగస్టులో మిక్కీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాడి 1952 నాటి టాప్స్ కంపెనీ కార్డు వేలంలో 1.26 కోట్ల డాలర్లకు పోయింది, అప్పటి రేటు ప్రకారం మన డబ్బులో దాదాపు 100 కోట్లు. పోకెమాన్‌లో పికాచు ఇలస్ట్రేటర్ అనే కార్డును అమెరికా యూట్యూబర్ లోగన్ పాల్ 2021లో 52.75 లక్షల డాలర్ల లెక్కన తీసుకున్నాడు. అయితే అవి అంత ఎందుకు పలికాయన్నది కూడా చూడాలి కదా. 1952లో ఆ బేస్‌బాల్ కార్డులు పిల్లల ఆటవస్తువులు. సైకిల్ చక్రం పుల్లల మధ్య దోపి టపటపమని చప్పుడు చేసుకున్నారు, ఇల్లు సర్దేటప్పుడు అమ్మలు పారేశారు, అమ్ముడుపోక గోడౌన్‌లో మిగిలినవాటిని 1960లో పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కార్డుల్ని తయారుచేసిన సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. పికాచు ఇలస్ట్రేటర్ అయితే దుకాణంలోకే రాలేదు, 1997–98లో జపాన్‌లో ఒక పత్రిక బొమ్మల పోటీ పెట్టి గెలిచినవాళ్లకు బహుమతిగా ఇచ్చింది, అన్నీ కలిపి నలభై అటూ ఇటూగా ఉంటాయి. మొదటిదాన్ని అప్పట్లో దాచినవాళ్లు లేరు, రెండోది అసలే కొన్ని, అందుకే ఇప్పుడు దొరకవు, దొరకవు కాబట్టే ఆ ధర.

ఇప్పుడు మీరు కొందామనుకుంటున్న బాక్సును మీలాగే లక్షల మంది దాస్తున్నారు. పోకెమాన్ కంపెనీ లెక్క ప్రకారమే 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా ఒక్క ఏడాదిలో అచ్చయిన కార్డులు 1,190 కోట్లు. గిరాకీ ఉంటే అదే సెట్‌ను మళ్లీ అచ్చువేస్తారు కూడా. 1980ల చివర్లో, 90ల మొదట్లో అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. పాత బేస్‌బాల్ కార్డుల ధరలు చూసి జనం కొత్త బాక్సులు కొని సీలు తియ్యకుండా పిల్లల చదువులకని దాచారు, కంపెనీలు అడిగినంతా అచ్చువేశాయి. ఆ కాలానికి ఇప్పుడు జంక్ వ్యాక్స్, అంటే చెత్త ప్యాకెట్ల కాలం, అని పేరు. ముప్ఫై ఏళ్లు దాటినా వాటిలో చాలా బాక్సులు నామమాత్రపు ధరకే దొరుకుతున్నాయి.

ధర పెరిగిన బాక్సులే లేవని నేను అనను. కొన్ని పాత పోకెమాన్ సెట్లు బాగా పెరిగాయి, 2020 లాక్‌డౌన్‌లో మరీ విపరీతంగా. ఆ ఊపు ఎలా ఉండేదంటే, కార్డుల నాణ్యతకు మార్కులు వేసే పీఎస్ఏ సంస్థ కుప్పలు పేరుకుపోయి 2021 మార్చిలో చాలావరకు కొత్త కార్డులు తీసుకోవడం ఆపేసింది. మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక టార్గెట్ దుకాణం పార్కింగ్‌లో కార్డుల కోసం కొట్లాట జరిగితే ఆ గొలుసు దుకాణాలన్నింట్లో కొంతకాలం అమ్మకమే ఆపేశారు. ఆ వేడిలో కొన్నవాళ్లలో చాలామంది మరుసటి ఏడాదికల్లా నష్టంతో కూర్చున్నారు. నా ఎరుకలోనే ఇద్దరున్నారు, ఒకాయన అన్నా నగర్‌లో, చెల్లెలి పెళ్లికని దాచిన డబ్బు అది. ఆయన గుర్తొచ్చే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

మన ఊరి లెక్క కూడా చూడండి. విదేశం నుంచి బాక్సు తెప్పిస్తే ధర మీద రవాణా, కస్టమ్స్ సుంకం, అమ్మేవాడి లాభం కలుస్తాయి. కొన్న మర్నాడే అమ్మబోతే అంత ఎవరూ ఇవ్వరు. పదేళ్ల తర్వాత మరీ కష్టం, సీలు తీసి మంచి కార్డులు లాగేసి మళ్లీ ప్లాస్టిక్ చుట్టి అమ్మే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి కొనేవాడు మిమ్మల్నీ అనుమానంగానే చూస్తాడు. రేపు మీరు కొనేటప్పుడూ అదే భయం, లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టడమంటే బర్రె నీళ్లలో ఉండగా బేరమాడినట్టే. అదే బ్యాంకులో ఎఫ్‌డీ అయితే ఫీజు కట్టాల్సిన రోజు కాస్త వడ్డీ పోయినా సాయంత్రానికి డబ్బు చేతిలో ఉంటుంది.

ఇంకొకటి, లాఫ్ట్. చెన్నైలో ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం దాటే ఉంటుంది. మెరిసే కార్డులో రేకు పొర తేమ పీల్చదు, కాగితం పీలుస్తుంది, దాంతో కార్డు అప్పడంలా వంగుతుంది, సీలు లోపల ఉన్నా వంగుతుంది. లాఫ్ట్ దాకా రాకపోయినా వరద భయం ఉండనే ఉంది, వేళచ్చేరి సంగతి మీకు నేను చెప్పాలా, 2023 డిసెంబరు తుపాను మీరూ చూసే ఉంటారు. 2015 డిసెంబరు వరదలో సైదాపేటలో మా కింది గదిలోకి నీళ్లొచ్చి నా ఇరవై ఏళ్ల ఆల్బమ్‌లు ఏడు ముద్దయిపోయాయి. మా నాన్న చెయ్యి పట్టుకుని మూర్ మార్కెట్‌లో, అది 1985లో కాలిపోకముందు, కొనిపించుకున్న బొమ్మలు కూడా వాటిలోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి నా ఇంట్లో ఏ కాగితమూ నడుము ఎత్తుకు కింద ఉండదు.

మీ అబ్బాయి సరదా మాత్రం ఆపకండి. నెలకు ఐదు వందలో వెయ్యో, పోయినా బాధ లేని మొత్తం, వాడి చేతికివ్వండి. ప్యాకెట్లు చింపడం కంటే వాడికి కావలసిన కార్డును విడిగా కొనుక్కోమనండి, ప్యాకెట్టులో ఏమొస్తుందో తెలియదు, విడి కార్డు కళ్లకు కనిపిస్తుంది. ఎంతకు కొన్నాడు, ఎవరితో ఏది మార్చుకున్నాడు అని నోటుపుస్తకంలో రాయమనండి. ధర చూసేటప్పుడు అమ్మేవాడు అడిగిన ధర పక్కనపెట్టి, నిజంగా అమ్ముడైన ధర చూడటం నేర్పండి. మీ బావమరిదికి అంత నమ్మకముంటే తన డబ్బు పెట్టుకోమనండి, చీటీ డబ్బు మాత్రం మీ దగ్గరే ఉండనివ్వండి.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకు 55 బంగారు రంగు పోకెమాన్ కార్డుల సెట్టు 350 రూపాయలకు కొన్నాను. స్నేహితులు ఫేక్ అని వెక్కిరించారట, రెండు రోజులు అన్నం తినలేదు. పైగా వాడి దగ్గరున్న మంచి కార్డులు ఇరవై, పాడవకుండా ఉంటాయని నేనే జిరాక్స్ షాపులో ల్యామినేషన్ చేయించాను. అదీ తప్పేనంటున్నాడు. – ఒక తల్లి, వెస్ట్ మాంబళం

జవాబు: అమ్మా, మీ బాధ అర్థమైంది. ఆ బంగారు సెట్లన్నీ నకిలీవే. ఒరిజినల్‌లో లోహపు కార్డులు లేకపోలేదు, 2021లో పోకెమాన్ 25 ఏళ్ల సందర్భంగా వచ్చిన ఖరీదైన పెద్ద బాక్సులో రెండు ఉన్నాయి. అయితే 350 రూపాయలకు 55 ఎక్కడా రావు. ఆడుకోవడానికి ఉంచుకోనివ్వండి, ఇంకో పిల్లాడికి అసలువని చెప్పి మార్చకూడదని మాత్రం చెప్పండి.

అసలుదాన్ని పోల్చుకోవడం వాడికి నేర్పితే ఆ నామోషీ పోతుంది. కార్డు కొలత 63 బై 88 మిల్లీమీటర్లు. అంచును పక్కనుంచి చూస్తే రెండు కాగితపు పొరల మధ్య సన్నటి నల్ల గీత ఉంటుంది, అందుకే ఫోన్ టార్చ్ వెనక పెట్టినా వెలుగు పెద్దగా ఇవతలికి రాదు. నకిలీలో వెలుగు బాగా వస్తుంది. వెనకవైపు నీలం రంగు వెలిసినట్టో మరీ ముదురుగానో ఉండటం, అక్షరాల లావు తేడాగా ఉండటం, మెరవాల్సిన ఖరీదైన కార్డు వేలితో తడిమితే గరుకు లేకుండా నున్నగా ఉండటం కూడా గుర్తులే. పక్కన ఒక అసలు కార్డు పెట్టుకుని చూస్తే పది నిమిషాల్లో పట్టేస్తాడు.

ల్యామినేషన్ సంగతి నిజమే, దానితో అమ్మకం ధర పోయినట్టే. ఊడదీయాలని చూడకండి, కార్డు పొర కూడా లేచొస్తుంది. పాడవకూడదనే చేయించారు, మీ ఉద్దేశం మంచిదే, వాడితో ఒకసారి ఆ మాట నేరుగా చెప్పండి, పిల్లలు అర్థం చేసుకుంటారు. ఇకమీదట పీవీసీ కాని మెత్తటి ప్లాస్టిక్ కవరులో (స్లీవ్) వేసి, ఇంకా మంచిదైతే టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెడితే చాలు. రబ్బరుబ్యాండ్ వద్దు, అంచులు నొక్కుకుపోతాయి. మూత గట్టిగా పడే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి రెండు నెలలకోసారి మార్చండి. డబ్బాలో కలరా ఉండలు మాత్రం వెయ్యకండి, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి మెత్తబరుస్తాయి.

ప్రశ్న: అన్నా, నేను ఇంజినీరింగ్ మూడో ఏడు. నా దగ్గర పోకెమాన్‌లో చారిజార్డ్ అనే బొమ్మ కార్డు ఉంది, కింద 1995 అని ఉంది. నెట్‌లో లక్షలు అంటున్నారు. ఒకతను ఫోన్‌లోనే ఒప్పుకుని అడ్వాన్స్ పంపుతా, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు అన్నాడు. టెన్షన్‌గా ఉంది, ఇవ్వొచ్చా? – తాంబరం నుంచి

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఫోన్ బ్లాక్ చెయ్యి. డబ్బు మనకు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే డబ్బు పోవడమే. ఇప్పటికే కొట్టి ఉంటే ఈ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి బ్యాంకుకు కూడా చెప్పు.

ఇక కార్డు. 1995 అన్నది కాపీరైట్ వరస మొదలైన ఏడు. ఈ కార్డుల ఆట జపాన్‌లోనే 1996లో వచ్చింది, ఇంగ్లిష్‌లో 1999లో. కింది మూల 4/102 అని ఉంటే అది మొదటి బేస్ సెట్‌ది. అప్పుడు బొమ్మకు కింద ఎడమపక్క ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉందేమో చూడు, తర్వాత బొమ్మ చట్రానికి కుడివైపు నీడ ఉందా లేదా చూడు. ముద్ర ఉంటే చాలా అరుదు, ముద్ర లేకపోయినా నీడ లేకుండా ఉంటే మంచి ధర, నీడ ఉన్నదైతే ఎక్కువమంది దగ్గర ఉండే రకం. నువ్వు నెట్‌లో చూసిన లక్షలు ఫస్ట్ ఎడిషన్‌కో, పీఎస్ఏ వేసే మార్కుల్లో అన్నిటికంటే పైదైన 10 వచ్చినవాటికో అయ్యుంటాయి. మూలలు, అంచులు, పైపొర, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉండటం, ఈ నాలుగూ చూసి మార్కు వేస్తారు. స్కూలు బ్యాగులో తిరిగిన కార్డుకు 10 రాదు. అమెరికాకు గ్రేడింగ్‌కు పంపితే ఫీజుతో పాటు రానూపోనూ కొరియర్, ఇన్సూరెన్స్, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ కలిపి వేలల్లో అవుతుంది, కాబట్టి భూతద్దంతో నిజాయితీగా చూసుకున్నాకే ఆ ఆలోచన చెయ్యి.

అమ్మితే పగటిపూట, మెట్రో స్టేషన్ లాంటి నలుగురూ తిరిగే చోట, ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లు. స్క్రీన్‌షాట్ నమ్మకు, నీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడ్డాకే కార్డు ఇవ్వు. కార్డు మీద గీత ఉంటే ముందే చెప్పు, ఈ కార్డులవాళ్ల సర్కిల్ చాలా చిన్నది, మాట ఇట్టే పాకుతుంది.

ప్రశ్న: మా అన్నయ్య తెనాలిలో చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు కూడబెట్టాడు. ఇల్లు అమ్మేటప్పుడు ఆ పుస్తకం నేను పెరంబూరు తెచ్చుకున్నాను. గవాస్కర్, కపిల్ దేవ్ అందరూ ఉన్నారు, అన్నం మెతుకులతో అంటించాడు. ఊడదీసి అమ్మితే ఏమైనా వస్తుందా? – ఒక చెల్లెలు

జవాబు: ఊడదీయకండమ్మా. నీళ్లు తగిలించినా ఆవిరి పట్టినా వెనక అచ్చు లేచిపోతుంది, వెనకవైపు పోయిన కార్డుకు విలువ దాదాపు ఉండదు. మన దేశపు గమ్ కార్డులకు కొనేవాళ్లు ఉన్నారు కానీ తక్కువమంది, వాళ్లు కూడా విడిగా శుభ్రంగా ఉన్నవో పూర్తి సెట్టో అడుగుతారు. అంటించిన పుస్తకానికి పెద్ద మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మెతుకులకు పురుగు పడుతుంది, అందుకని పేజీ పేజీకి మధ్య తెల్ల కాగితం పెట్టి, బీరువాలో పై అరలో పడుకోబెట్టి ఉంచండి, ముందు అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటోలు తీయండి. ఆ ఫొటోలు మీ అన్నయ్యకు పంపి, అమ్మాలో వద్దో ఆయన్నే అడగండి, కార్డులు ఆయనవి.