బైపీసీ తర్వాత ఎన్విరాన్‌మెంటల్ సైన్స్: డిగ్రీలో కెమిస్ట్రీని వదలొద్దు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్ వద్దంటోంది. బీఎస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ మేనేజ్‌మెంట్ చదువుతానని, ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పించమని పట్టుబడుతోంది. తర్వాత ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాస్తానంటోంది. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయండీ. అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే, కాదనకండి. అయితే ఫీజు కట్టే ముందు ఆ కోర్సు సిలబస్ తెప్పించుకుని, మూడేళ్లలో కెమిస్ట్రీ ఎంత ఉందో చూడండి. పేరుకు ఒకటి రెండు పేపర్లే ఉంటే అక్కడ చేర్చొద్దు.

ముందు ఫారెస్ట్ సర్వీస్ సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలదు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం – వీటిలో కనీసం ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి. లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్‌లలో ఏదో ఒక డిగ్రీ ఉండాలి. ఆ జాబితాలో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లేదు. మెయిన్స్‌లో రాసే ఆప్షనల్ సబ్జెక్టుల్లో కూడా లేదు. అడవుల మీద ఇష్టంతో ఈ కోర్సులో చేరి, డిగ్రీ చివర్లో నోటిఫికేషన్ చూసుకుని బాధపడే పిల్లల్ని చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. మీ అమ్మాయి బోటనీ, కెమిస్ట్రీ ఉన్న డిగ్రీ చేస్తే ఈ అర్హత వస్తుంది, ఆప్షనల్స్‌కు చదువూ అప్పుడే మొదలవుతుంది.

ఉద్యోగాల విషయానికొస్తే, మీది సంగారెడ్డి జిల్లా కాబట్టి పటాన్‌చెరు మీకు తెలిసిందే. అక్కడి మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేలింది. శుద్ధి చేశాక కూడా అంత మందు మిగిలింది! అలాంటి నీళ్లలో బతకగలిగిన బ్యాక్టీరియా మందులకు లొంగనిదిగా మారుతుంది. నీటిలో ఏముందో పట్టుకోవడానికి కెమిస్ట్రీ కావాలి, దానివల్ల ప్రాణులకు ఏమవుతుందో చెప్పడానికి బయాలజీ కావాలి. బైపీసీ పిల్లలకు ఇక్కడ చోటుంది.

ఈ కంపెనీల్లో ఎన్విరాన్‌మెంట్, హెల్త్, సేఫ్టీ కలిపి ఈహెచ్‌ఎస్ విభాగం అంటారు. ఈటీపీకి (కంపెనీలోని మురుగునీటి శుద్ధి ప్లాంటు) వచ్చే నీటిలో, వెళ్లే నీటిలో సీఓడీ, బీఓడీ (నీటిలోని మలినాలు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయో చెప్పే కొలతలు), టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) ఎంతున్నాయో చూడటం, పొల్యూషన్ బోర్డు ఇచ్చిన సీఎఫ్‌ఓ (ఫ్యాక్టరీ నడుపుకోవడానికి అనుమతి) లోని షరతులు పాటిస్తున్నారో లేదో సరిచూడటం వాళ్ల పని. మన దేశంలో బీఓడీ పరీక్షకు నమూనాను 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచుతారు. ఫలితం తేడాగా వస్తే నమూనా తప్పా, పరీక్ష తప్పా, ప్లాంటులోనే తేడా వచ్చిందా అని తేల్చగలిగిన మనిషే కంపెనీకి కావాలి. మేనేజ్‌మెంట్ పాఠాలు అందుకు పనికిరావు.

కన్సల్టెన్సీ ఉద్యోగాలు ఇంకో దారి. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ ప్లాంట్ల వంటి వాటికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మామూలుగా ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో గాలి, నీరు, నేల, చెట్టూచేమ, ఊళ్ల పరిస్థితి నమోదు చేస్తారు. ఆ పని గుర్తింపు పొందిన సంస్థలే చేయాలి. అందులో ఎకాలజీకి ఒకరు, వాయు కాలుష్యానికి ఒకరు అన్నట్టు నిపుణులు విడివిడిగా ఉంటారు. ‘అన్నీ కొంచెం కొంచెం తెలుసు’ అంటే కుదరదు. మొదట్లో జీతం తక్కువే. ఎండలో ఊళ్లు తిరగాలి, చిమ్నీలెక్కి నమూనాలు తీయాలి. ఈ సంగతి అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. ఆడపిల్ల అని మాత్రం వెనక్కి లాగొద్దు.

పొల్యూషన్ బోర్డులో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్ పోస్టులు ఇంజనీరింగ్ చదివిన వాళ్లవి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలు ఏటా పర్యావరణ వివరాలతో బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది. 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకు ఇది తప్పనిసరి. దానివల్ల ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగాలూ వస్తున్నాయి. ఎక్సెల్, ఇంగ్లిష్ రాత బాగుంటే అక్కడ రాణిస్తుంది.

అందుకని నా సలహా ఇది. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం దోస్త్‌లో బోటనీ, కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ పెట్టించండి. ప్రభుత్వ కాలేజీ అయితే ఆ ప్రైవేటు యూనివర్సిటీకి కట్టే డబ్బు పీజీకి మిగులుతుంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పీజీలో చదవొచ్చు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఉంది, దానికి సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఢిల్లీ జేఎన్‌యూలో దీనికోసం ప్రత్యేకంగా ఒక స్కూలే ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. మేనేజ్‌మెంటే కావాలంటే డెహ్రాడూన్ ఎఫ్‌ఆర్‌ఐ (అటవీ పరిశోధన సంస్థ)లో ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్, భోపాల్ ఐఐఎఫ్‌ఎం (అటవీ మేనేజ్‌మెంట్ సంస్థ)లో ఎంబీఏ ఉన్నాయి. సైన్స్ డిగ్రీ చేతిలో ఉంటే ఇవన్నీ ప్రయత్నించొచ్చు. పాఠాలు చెప్పాలనిపిస్తే లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఈ సబ్జెక్టు ఉంది.

డిగ్రీ కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ల్యాబ్ తెరిచి చూపించమని అడగండి. సీనియర్ పిల్లలతో అమ్మాయినే మాట్లాడనివ్వండి. టైట్రేషన్ (ద్రావణంలో ఒక పదార్థం ఎంతుందో కొలిచే ప్రయోగం) ఎవరికి వాళ్లు చేస్తారా, లేక పదిమందికి కలిపి ఒకటే చూపిస్తారా అని వాళ్లను అడిగితే ఆ కాలేజీ సంగతి తెలిసిపోతుంది. దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు ఆ తర్వాతే పెట్టండి.