ఇంట్లో చదివిస్తున్నామంటే ఇంటిల్లిపాదీ ఖాళీ అని కాదు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో బొబ్బిలి దగ్గర పల్లె. మా వారు బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు. మా చర్చి సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. పెద్దమ్మాయికి పదమూడేళ్లు, బాబుకు తొమ్మిది, చిన్నదానికి ఆరు. కరోనా రోజుల్లో బడులు మూసినప్పుడు ఇంట్లో చదువు చెప్పడం మొదలుపెట్టాను. నేను బీఈడీ చదివాను. పిల్లలకూ మాకూ ఆ పద్ధతి నచ్చి అలాగే కొనసాగిస్తున్నాం. ఏడాదంతా బాగానే గడుస్తుంది. డిసెంబరు వస్తే మాత్రం నా ప్రాణం మీదికి వస్తుంది. సెమీ క్రిస్మస్‌లు, స్త్రీల కూడిక, యువజనుల కూడిక, సండే స్కూలు నాటిక, రాత్రిళ్లు క్యారల్స్, పండుగ నాడు ఆరాధన, ప్రేమవిందు, ముప్పై ఒకటి రాత్రి వాచ్ నైట్. నాటికకు దుస్తులు నేనే కుట్టాలి. పిల్లలందరి చేత వాక్యాలు నేనే కంఠస్థం చేయించాలి. ఊళ్లో పంచే అరిసెలు, చెక్కలు మా ఇంట్లోనే వండాలి. ‘మీ పిల్లలకు బడి లేదు కదమ్మా’ అంటారు. ఎవరేమడిగినా మా వారు సరే అంటారు. మరోపక్క అత్తగారు, ‘చదువూ లేదు, బడీ లేదు, రేపు పోలీసులు వచ్చి అడిగితే ఏం చెబుతారు’ అని రోజూ సణుగుతారు. పెద్దమ్మాయి చేతికి అందివచ్చింది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాను. అది కూడా ఈసారి క్యారల్స్‌కు రానని మొండికేసింది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. క్రిస్మస్ అంటే భయం వేస్తోంది. ఇలా అనుకోవడం పాపమా?

జవాబు: పాపమో కాదో చెప్పే అర్హత నాకు లేదమ్మా, అది మీ సంఘకాపరి చెప్పాలి. అలసట గురించైతే చెప్పగలను. ఇన్ని పనులు నెత్తిన పెట్టుకుని కూడా పండుగ కోసం ఎదురుచూసే మనిషి ఉంటే ఆమెను చూడాలని నాకూ ఉంది.

మరియ, మార్తల కథ, అంటే యేసు ఇంటికి వస్తే పనుల్లో తలమునకలైన మార్తను కాక, కూర్చుని ఆయన మాటలు విన్న ఆమె చెల్లెలు మరియను ఆయన మెచ్చుకున్న బైబిలు కథ, మీకు నేను చెప్పను. డిసెంబరులో అలసిపోయిన ఆడవాళ్లకు ఆ కథ చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చెప్పి, మార్తమ్మ వండినది తిని వెళతారు.

పిల్లలు బడికి వెళ్లే ఇంటికి డిసెంబరులో ఆ బడే కాపలా. ‘రేపు పరీక్ష ఉంది’, ‘ఎనిమిదిన్నరకు ఆటో వస్తుంది’ అని ఆ తల్లి అంటే ఎవరూ మారుమాట్లాడరు. మీ ఇంట్లో గంట మోగదు, గుమ్మం ముందు ఆటో ఆగదు. పదకొండు గంటలకు మీ బాబు భిన్నాలతో కుస్తీ పడుతున్న సంగతి వీధిలోకి కనబడదు. కనబడని పనికి అడ్డు తగలడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. వాళ్లు చెడ్డవాళ్లని అనను, వాళ్లకు తెలియదు, అంతే. తెలియజేయాల్సింది మీరే. ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు వీధి తలుపు వేసి, తలుపు మీద కాగితం అంటించండి: ‘పాఠాలు జరుగుతున్నాయి, పన్నెండు తరువాత రండి.’ ఆ మూడు గంటలు ఫోను తీయకండి. మొదటి వారం నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇక నేను ఎక్కువసేపు ఆగింది మీ పెద్దమ్మాయి దగ్గర. మీ గురించి, మీ వారి గురించి, అత్తగారి గురించి వివరంగా రాశారు. ఆ పిల్ల గురించి మాత్రం రెండే ముక్కలు: చేతికి అందివచ్చింది, మొండికేసింది. చేతికి అందిరావడమంటే చెల్లెలికి స్నానం చేయించడం, బియ్యం కడగడం, సండే స్కూలు చిన్నపిల్లలను ఆడించడం, మీరు కుడుతుంటే వంట చూడటం. నా ఊహ తప్పయితే సంతోషమే. కానీ ఇంట్లో చదివించే కుటుంబాల్లో పెద్దపిల్ల, అందులోనూ ఆడపిల్ల, తెలియకుండానే రెండో తల్లి అయిపోవడం జరిగే పనే. ఆమె ఈడు పిల్ల బడికి వెళుతుంటే, సాయంత్రం పుస్తకం ముందు పెట్టుకుంటే చాలు, తల్లి పని చెప్పడానికి వెనకాడుతుంది. మీ అమ్మాయికి ఆ సాకు కూడా లేదు. మీకు ఖాళీ ఉందని ఊరు ఎలా అనుకుంటోందో, ఆమెకు ఖాళీ ఉందని మీరూ అలాగే అనుకుంటున్నారు.

‘పని కూడా చదువే కదా’ అంటారేమో. ఇంటి చదువు గురించి మాట్లాడేవాళ్లు ఈ మాట మరీ ఎక్కువగా అంటారు. అరిసెల పాకం చూపించండి: తడిపిండి ఎందుకు కావాలి, పాకం నీళ్లలో వేస్తే ఉండ ఎప్పుడు కడుతుంది, లేతపాకమైతే అరిసె నూనెలో ఎందుకు విచ్చిపోతుంది. ఇది మంచి పాఠమే, కాదనను. మొదటి వాయిలో పిల్ల నేర్చుకుంటుంది. పదో వాయికి వచ్చేసరికి అది ఒట్టి చాకిరీ. చాకిరీకి పాఠమని పేరు పెట్టి నోట్‌బుక్కులో రాసుకోకండి. తొమ్మిదేళ్ల బాబు కూడా బెల్లం తరగగలడు, ఆకులు తుడవగలడు. అతని పేరు మీ పనుల లెక్కలో ఎక్కడా కనబడలేదు.

క్యారల్స్‌కు రాననడం మొండితనం అని నాకు అనిపించడం లేదు. కారణం అడిగారా? మీ వారి ముందు, అత్తగారి ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. పదమూడేళ్ల పిల్లకు చెప్పుకోలేని కారణాలు చాలా ఉంటాయి. మంచులో అర్ధరాత్రి దాటేవరకు ఊళ్లు తిరగడం, మధ్యలో మరుగుదొడ్డి దొరక్కపోవడం, అవి నెలసరి రోజులు కావడం. నిద్రపోయే చెల్లెలిని ఎత్తుకు తిరిగే పని ఆమెదే కావడం. తోటి ఆడపిల్లలంతా ఒకే బడి కబుర్లు చెప్పుకుంటుంటే తాను వెనక నడవడం. టీ, బిస్కట్లు ఇచ్చే ప్రతి ఇంట్లోనూ ‘నువ్వు ఏ క్లాసమ్మా’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియకపోవడం. ఈ చివరిది పెద్దలకు చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆ వయసులో అది రాత్రంతా గుచ్చుకునే ముల్లు. జవాబు ముందే కలిసి తయారుచేసుకోండి: ‘ఎనిమిదో తరగతి పాఠాలు ఇంట్లో చదువుతున్నాను, పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాస్తాను.’ గట్టిగా చెప్పగలిగితే రెండో ప్రశ్న రాదు.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు, రాయక తప్పదు. చీకట్లో, గుంపులో ఎవరైనా చెయ్యి వేసి ఉండవచ్చు, మాట విసిరి ఉండవచ్చు. అలాంటిదేమైనా చెబితే ‘మన సంఘం వాళ్లు అలా చేయరు’ అన్న మాట మీ నోట రాకూడదు. ముందు నమ్మండి. సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. కారణం ఏదైనా, ఈ సంవత్సరం వెళ్లాలా వద్దా అన్నది ఆమెకే వదిలేయండి. ఆమె ఉండిపోతే తోడుగా ఇంట్లో ఎవరుండాలన్నది మీ వారు చూసుకోవాలి. కార్యదర్శి ఒక రాత్రి రాకపోతే పాటలు ఆగవు.

మీ వారి సంగతికి వద్దాం. ఆయన మంచివారని మీ రాతలోనే తెలుస్తోంది. ‘సరే’ అనడం ఆయన వంతు, చేయడం మీ వంతు కావడమే చిక్కు. ఆ రెండూ ఒక్కరివే అయితే ‘సరే’లు వాటంతటవే తగ్గుతాయి. నేను క్రైస్తవురాలిని కాను గానీ నిర్గమకాండం పద్దెనిమిదో అధ్యాయం చదివాను. మోషే పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఒక్కడే ప్రజల తగవులు తీరుస్తుంటే మామ ఇత్రో చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, నీ దగ్గరికి వచ్చే జనమూ నలిగిపోతారు అని హెచ్చరించాడు. వెయ్యిమందికొకరిని, నూరుమందికొకరిని, యాభైమందికొకరిని, పదిమందికొకరిని పెట్టి పని పంచమన్నాడు. మోషే మామ మాట విన్నాడు కూడా. ఆ అధ్యాయం ఒక రాత్రి మీ కుటుంబ ప్రార్థనలో మీ వారినే చదవమనండి. వ్యాఖ్యానం చేయకండి. మర్నాడు కాగితం మీద ఈ నెల పనులన్నీ రాసి, ఒక్కో పని పక్కన ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు చేస్తున్నారో రాయండి. క్యారల్స్ నుంచి వచ్చిన అర్ధరాత్రి మాత్రం ఈ కాగితం తీయకండి. నైట్ డ్యూటీ లేని వారంలో, ఆయన కడుపు నిండాక తీయండి. ఆయన మీ తరఫున ఎవరికీ మాట ఇవ్వకూడదన్న ఒక్క ఒప్పందం కుదిరితే చాలు. ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అనడం మగవాళ్లకు మొదట్లో నామోషీగా ఉంటుంది. తరువాత అదే గొప్ప వెసులుబాటని తెలుస్తుంది.

అత్తగారి పోలీసుల భయానికి సూటిగా జవాబు చెప్పవచ్చు. 2009 విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని దాని పదో సెక్షన్ చెబుతుంది. అయితే చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టం శిక్ష ఏదీ పెట్టలేదు, ఇంటి చదువును పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, నిషేధించనూ లేదు. కాబట్టి పోలీసులు రారు. బడి మానిన పిల్లల లెక్క కోసం టీచర్లు రావచ్చు. వస్తే దాక్కోకండి. కూర్చోబెట్టి పిల్లల పుస్తకాలు చూపించండి. ఎప్పుడైనా మనసు మారితే వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ బడి చేర్చుకోవాలని అదే చట్టం చెబుతుంది. ఆ దారి మూసుకుపోలేదని అత్తగారికి తెలిస్తే సగం సణుగుడు తగ్గుతుంది. మిగతా సగం అరిసెలు ఎవరు వండాలన్న దాని గురించి అయి ఉంటుంది, దానికి నా దగ్గర చట్టం లేదు.

ఇంతకంటే ముఖ్యమైనది, పెద్దమ్మాయికి పద్నాలుగు వస్తున్నాయి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్) ద్వారా, లేదా మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయడానికి 14 ఏళ్లు నిండాలి. జాతీయ సంస్థలో తెలుగు మాధ్యమం ఉంది. సర్టిఫికెట్‌కు అయిదు సబ్జెక్టులు కావాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు ఉంటాయి, పాసైన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి. ఏ సబ్జెక్టులన్నది ఆమెతోనే కూర్చుని నిర్ణయించండి. బడికే వెళతానంటే అదీ వినండి. అది మీ ఓటమి కాదు.

డిసెంబరు చదువు గురించి ఎక్కువ దిగులు వద్దు. సగం మనసుతో రోజూ పాఠం చెప్పి, అది సాగక పిల్లలను కసురుకోవడం కన్నా, పద్దెనిమిదో తారీఖు నుంచి జనవరి రెండు వరకు సెలవు అని ప్రకటించేయండి. అప్పటిదాకా తలుపు మీది కాగితం తీయకండి. సెలవు తేదీలు మీ చేతిలో ఉండటమే కదా ఇంటి చదువులోని సుఖం, దాన్ని వాడుకోండి. మీ ఇంటి పండుగ అని పిల్లలు గుర్తుంచుకునేది ఒకటి మాత్రం ఉంచుకోండి. వెదురు పుల్లలు, రంగు కాగితాలు తెచ్చి తండ్రీ పిల్లలూ కలిసి నక్షత్రం కడితే బాగుంటుంది. బజారులో కొన్నదానికన్నా వంకరగా వస్తుంది, ఏమీ కాదు. ఆ పూట మీరు పడుకోండి.

నిద్ర పట్టడం లేదన్న మాటను పండుగ హడావిడి కింద కొట్టేయకండి. పని తగ్గించాక కూడా జనవరిలో ఇలాగే ఉంటే, ఊరికే ఏడుపు వస్తుంటే డాక్టరును కలవండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పాల్సిన పని లేదు.

ఈ వారమే దించుకోగల బరువు నాటిక దుస్తులు. పాస్టరమ్మ గారితో ఇలా అనండి: ‘అమ్మా, ఈసారి వాక్యాలు నేర్పిస్తాను, కుట్టుపని చేయలేను.’ కారణాలు చెప్పకండి. చెబితే ఒక్కొక్క కారణానికీ ఒక్కొక్క పరిష్కారం చూపిస్తారు. గొర్రెల కాపరులకు తలకు తువ్వాలు చుట్టి చేతికి కర్ర ఇస్తే సరిపోతుంది. తూర్పు దేశపు జ్ఞానులు వాళ్ల అమ్మల పట్టుచీరలు కప్పుకుని వస్తారు. దేవదూతకు పోయినేడాది రెక్కలే మళ్లీ కట్టండి. హేరోదు రాజు కిరీటం సంగతి హేరోదు తల్లిదండ్రులు చూసుకుంటారు.