ఆ చీటీలో ఏముంది నాయనా?

నాయనా,

నీ జపాన్ వ్యాసాల రాతప్రతి అందింది. మీ అమ్మగారు స్వయంగా తెచ్చిచ్చి, బస్సు టైమైందని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. 212 పేజీలు. చదవడానికి మూడు వారాలు పట్టింది. కళ్ళు ఇదివరకటిలా లేవు, పొద్దున ఎండ బాగా ఉన్నప్పుడు అరుగు మీద కూర్చుంటేనే అక్షరం ఆనుతోంది. నీ తెలుగు బాగుంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మర్చిపోతానేమో.

87వ పేజీ దగ్గర ఆగిపోయాను. టోక్యోలో, ఆ నిషికసాయ్‌లో నువ్వు కొత్తగా దిగిన రోజుల సంగతి అది. చెత్త వేయాల్సిన రోజు కాని రోజున సంచీ బయట పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయావు. కాలే చెత్తకి వేరే రోజులు, కాలని చెత్తకి వేరే రోజు, పొద్దున 8 లోపు పెట్టాలి, కాకులు పీకకుండా పైన వల కప్పాలి. అప్పటికి నీకు ఇవేవీ తెలియవు. రాత్రి వచ్చేసరికి సంచీ నీ గుమ్మం ముందుంది. మూతి విప్పి మళ్ళీ గట్టిగా ముడేసి ఉంది. పైన టేపుతో ఒక చీటీ. కింది వాటాలో ఒంటరిగా ఉండే ముసలావిడ మెట్లెక్కి వచ్చి పెట్టిందని తర్వాత తెలిసింది. ఫోన్‌లో అనువాదం చేయించుకుని ఆ చీటీ చదువుకున్నావు.

ఆ తర్వాత నువ్వు రాసిన వాక్యం ఇది: "అదే మన ఊళ్ళో అయితే ఈపాటికి వీధంతా రచ్చయిపోయేది." అక్కణ్ణుంచి మున్సిపాలిటీ, మురిక్కాలవలు, మన జనానికి లేని క్రమశిక్షణ. అలా నాలుగు పేజీలు.

చీటీలో ఏముంది నాయనా?

నాకు నిజంగా కోపం వచ్చింది. కాగితం పక్కన పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను. ఆవిడ తిట్టిందా, బతిమాలిందా, ఏ రోజు ఏ చెత్తో పట్టిక రాసిచ్చిందా, చివర తన పేరు రాసిందా? ఆ వయసులో నీ సంచీ మోసుకుంటూ మెట్లెక్కిన మనిషి నీకోసం నాలుగు ముక్కలు రాస్తే, నువ్వు చదివి, మాకు చెప్పకుండా దాటేసి, మన ఊరి మురిక్కాలవ గురించి చెప్పావు. అది మాకు తెలుసు. ఇంటి ముందే ఉంది.

ఆ రోజు నుంచి పెన్సిల్ చేత్తో పట్టుకునే చదివాను. "మన ఊళ్ళో అయితే", "మన దగ్గరైతే", "అదే ఇండియాలో" అన్న మాట కనిపించిన ప్రతిచోటా సున్నా చుట్టాను. మొత్తం 71 సున్నాలు. అవి చుట్టిన ప్రతిచోటా, దానికి సరిగ్గా ముందు వాక్యంలో, ఏదో ఒకటి నీ కంటికి కొత్తగా కనబడి ఉంది. కనబడిన మరుక్షణం దాన్ని వదిలేసి ఊరికి పారిపోయావు. 71 సార్లు పారిపోయావు.

సినిమా వ్యాసమే చూడు. ఆర్ ఆర్ ఆర్ జపాన్‌లో 2022 అక్టోబరు 21న విడుదలైందనీ, 1998లో అక్కడ ఆడిన రజనీకాంత్ ముత్తు రికార్డు దాటేసిందనీ, కలెక్షన్లూ, మన జెండా ఎగరడమూ ఆరు పేజీలు రాశావు. ఆ సంగతులన్నీ అప్పుడే పేపర్లో చదివాను. మధ్యలో ఎక్కడో రెండు వాక్యాలు ఉన్నాయి. సినిమా అయిపోయి పేర్లు పడుతుంటే నువ్వు అలవాటుగా సగం లేచావు. హాల్లో ఇంకెవరూ కదల్లేదు. చాలావరకు మనవాళ్ళ పేర్లే, హాల్లో ఉన్నవాళ్ళకి తెలియని పేర్లు. చివరి పేరు వెళ్ళిపోయి లైట్లు వెలిగేదాకా చీకట్లో అలాగే కూర్చున్నారు. నువ్వూ మళ్ళీ కూర్చున్నావు. ఆ సగం లేచి కూర్చోవడం చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అది ఇంకెవరూ రాయలేరు, ఆ కుర్చీలో ఉన్నది నువ్వే కాబట్టి. కానీ నువ్వు వెంటనే "మన దగ్గరైతే టైటిల్స్ ఎవరు చూస్తారు" అని దాని మీద నీళ్ళు చల్లేశావు.

పుస్తకాల వ్యాసమూ అంతే. టోక్యోలోని జింబోచోలో పాత పుస్తకాల షాపులు చాలావరకు ఎండ తగిలి పుస్తకాలు పాడవకుండా ఉత్తరం వైపుకే మొహం పెట్టుకుని ఉంటాయట. ఎంత మంచి సంగతి! ఒక్క లైన్లో కానిచ్చేశావు. షాపు బయట బండి మీదున్న 100 యెన్‌ల పుస్తకాల్లో నువ్వూ ఒకటి కొన్నావు. అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం. నీకు ఆ భాష చదవడం రాదు. మరి ఎందుకు కొన్నావు? బొమ్మ చూసా, కాగితం వాసన చూసా, లోపల ఎవరైనా పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని ఉంటేనా? చెప్పలేదు. తెలుగులో పుస్తకాలు చదివేవాళ్ళు తగ్గిపోయారన్న బాధలోకి వెళ్ళిపోయావు. ఆ బాధ మా అందరికీ ఉంది. ఆ 100 యెన్‌ల పుస్తకం మాత్రం నీ ఒక్కడి దగ్గరే ఉంది.

నీ మీద ఇంత కోపం ఎందుకొచ్చిందో చెబుతాను. నేనూ ఇదే పని చేశాను.

1978లో మావారికి నైజీరియాలో ఫిజిక్స్ టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడ అంతకు రెండేళ్ళ ముందే పిల్లలందరికీ ఉచితంగా చదువు అని పథకం పెట్టారు. బడులు పెరిగిపోయాయి, టీచర్లు చాలరు. కానో నగరం నుంచి గంట ప్రయాణం దూరంలో ఒక ఊళ్ళో మాకు క్వార్టర్ ఇచ్చారు. నవంబరు దాటితే సహారా మీద నుంచి దుమ్ముగాలి వచ్చేది. హర్మటాన్ అంటారు. పెదాలు పగిలిపోయేవి. తలుపులు బిగించినా దుప్పటి మీద సన్నటి దుమ్ము పొర. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి కళ్ళార్పకుండా చూడొచ్చు.

రోజూ పొద్దున పశువులు కాసే ఫులానీ తెగ ఆవిడ ఒకావిడ నెత్తిన పెద్ద ఆనపకాయ బుర్ర పెట్టుకుని వచ్చేది. అందులో నోనో అనే పులిసిన పాలు. వాళ్ళు సజ్జపిండి ముద్దలు చిదిపి అందులో కలుపుకుని తాగుతారు. నేను ముద్దలు వద్దని సైగ చేసి ఉత్త నోనో పోయించుకునేదాన్ని. గరిటె కూడా ఆనప బుర్రతో చేసిందే, వాడి వాడి అంచు నల్లబడి నునుపు తేలింది. నిండా ముంచి పోసి, నా గిన్నెలోకి ఒకసారి తొంగిచూసి, ఇంకో సగం గరిటె కొసరు వేసేది. నేను బట్టలు ఉతుకుతూ ఉంటే అక్కడి హౌసా భాషలో "సన్ను ద ఐకి" అనేది. పనిలో ఉన్న మనిషిని పలకరించడానికని ప్రత్యేకంగా ఉన్న మాట అది. ఆరేళ్ళు మా పిల్లలిద్దరూ ఆ నోనో కలుపుకునే అన్నం తిన్నారు.

ఆ ఆరేళ్ళలో నేను 11 కథలు రాశాను. అన్నీ పాలకొల్లు కథలే. భోగిమంటలు, గొబ్బెమ్మలు, మా మేనత్త వేసే అరిసెలు. ఆవిడ గిన్నెలో పోసిన నోనో లోపల పెట్టి వచ్చి, బల్ల ముందు కూర్చుని, గోదావరి గట్టు గురించి రాసేదాన్ని. ఒక్క కథలోనూ ఆవిడ లేదు. పేరు కూడా అడగలేదు. 1984లో వచ్చేశాం. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే బుర్ర గుర్తుంది, గరిటె అంచు గుర్తుంది, గొంతు గుర్తుంది. పేరు లేదు. ఇన్నేళ్ళైనా ఆ కథ నేను మొదలుపెట్టలేకపోతున్నాను.

ఒక్కసారి మాత్రం చుట్టూ చూసి రాశాను. కానోలో పైకప్పు లేని సినిమా హాళ్ళు ఉండేవి. వాటిలో హిందీ సినిమాలు. ఎప్పుడో 1957 నాటి మదర్ ఇండియా అప్పటికీ ఆడుతుండేది, జనం విరగబడి చూసేవాళ్ళు. మావారి స్టూడెంట్లు, హౌసా పిల్లలు, ముక్క అర్థం కాకపోయినా పాటలన్నీ గడగడా పాడేసేవాళ్ళు. భారతీయురాలిని కదా అని నన్ను అర్థం చెప్పమనేవాళ్ళు. నాకు వచ్చిన హిందీ అంతా ప్రచార సభ 'ప్రాథమిక' పరీక్ష వరకే. ఓ సాయంత్రం ఒక పిల్లాడు తల్లి మీద పాట పాడి, నేను ఆగి ఆగి అర్థం చెబుతుంటే, "నేను అనుకున్నది కూడా అదే" అని కళ్ళు తుడుచుకున్నాడు. అది వ్యాసంగా రాసి ఒక వారపత్రికకు పంపాను. ఏడు వారాలకి ఎడిటరుగారి జాబు వచ్చింది. "నైజీరియా సంగతులు మన పాఠకులకెందుకమ్మా? అక్కడ సంక్రాంతి ఎలా చేసుకుంటున్నారో రాయండి, బొమ్మతో వేస్తాం" అని. నేను అదే రాసి పంపాను. బొమ్మతో వేశారు. పారితోషికం కూడా పంపారు. సినిమా వ్యాసానికి నకలు ఉంచుకోలేదు, వాళ్ళు తిప్పి పంపలేదు. అది పోయింది.

ఆ ఎడిటరుగారు ఇప్పుడు లేరు. ఆయన అలవాటు మాత్రం పోలేదు. ప్రవాసుల ప్రత్యేక సంచిక అంటే చాలు, అందరికీ బెంగ కావాలి. ఆవకాయ జాడీ, ఎయిర్‌పోర్టులో అమ్మ కన్నీళ్ళు, మంచులో తులసి మొక్క. ఈ మధ్య ఒక సంచికలో 14 రచనలు చదివితే తొమ్మిదింట్లో ఆవకాయ ఉంది. వాళ్ళు ఉంటున్న ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరి పేరు రాసినా ఏమీ మారదు. బెంగ నిజమే, నేనూ పడ్డాను. కానీ డాలస్‌లో ఉన్నా డబ్లిన్‌లో ఉన్నా ఒకేలా కనిపించే బెంగ కోసం అంత దూరం వెళ్ళిన మనిషి చేత రాయించడం ఎందుకు?

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర దొరికితే చదువు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలో మాట ఇంకో భాషలో చెప్పే ఉద్యోగం చేసిన మనిషి. 1830 మే 18న బయల్దేరి, కాశీ చూసుకుని, మళ్ళీ ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు వచ్చింది. దారి పొడుగునా చూసింది చూసినట్టు రాసి స్నేహితుడికి పంపేవాడు. ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ దారి ఎలా ఉంది, ఏ మజిలీలో ఏం దొరుకుతుంది. ఆయన పోయాక ఆ స్నేహితుడే 1838లో అచ్చు వేయించాడు. పదిహేను నెలలు ఇల్లు వదిలిన మనిషికి ఇల్లు గుర్తుకు రాకుండా ఉంటుందా? అయినా ఊరు వచ్చిందంటే ముందు ఆ ఊరి బావి చూశాడు.

ఇంగ్లిష్‌లో రాయనా, తెలుగులోనేనా అని అడిగావు. ఎవరు అచ్చు వేస్తారని అడిగావు. ముందుమాట రాయమన్నావు. ముందుమాట సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 71 చోట్లా నేను చుట్టిన మాటతో మొదలయ్యే పేరా మొత్తం కొట్టేయ్. జాలి పడొద్దు. 90 పేజీలు మిగిలితే ఎక్కువ. మిగిలిన ఒక్కో దాని దగ్గరా ఆగి, ఆ క్షణంలో ఇంకేం చూశావో గుర్తు తెచ్చుకుని రాయి. గుర్తు రాకపోతే నీకు నా కన్నా పెద్ద సౌకర్యం ఉంది, నువ్వింకా అక్కడే ఉన్నావు. మళ్ళీ వెళ్ళి చూడు.

మీ అమ్మగారు వచ్చే నెల ఎవరితోనో సున్నుండలు పంపిస్తున్నారట. కింది వాటా ఆవిడకి ఓ నాలుగు తీసుకెళ్ళు. ఆవిడ పేరు గుమ్మం పక్కనే రాసి ఉంటుందేమో చూడు. ఉన్నా సరే, ఆవిడ నోటితోనే చెప్పించుకుని, తెలుగులో ఎలా పలకాలో రాసుకో.

రాతప్రతి మీ అమ్మగారితో తిప్పి పంపుతున్నాను. 87వ పేజీ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. చీటీ దాచుకుని ఉంటే ఫొటో తీసి పంపు. పారేసి ఉంటే గుర్తున్నంత వరకు రాసి పంపు. తారీఖుతో సహా.

ఆశీస్సులతో,
పాలకొల్లు అమ్మమ్మ